ద్రాక్షాకు: పచ్చిదా, సీసాలోదా, ఫ్రీజర్‌దా, పొడా? ఎవరికి ఏది నప్పుతుంది

ద్రాక్ష ఆకు తినొచ్చా అని అడిగేవాళ్లకి ఒక్క ముక్కలో జవాబు చెప్పేయొచ్చు. తినొచ్చు, తరతరాలుగా తింటున్నారు. లేత ఆకులో బియ్యమో మాంసమో పెట్టి చుట్టి ఉడికించే డోల్మా అన్నిటికంటే పేరున్న వంటకం. అజర్‌బైజాన్‌లో దాన్ని వండి పదిమందితో పంచుకునే సంప్రదాయాన్ని యునెస్కో 2017లో తన వారసత్వ జాబితాలో చేర్చింది కూడా.

చిక్కంతా తర్వాతి ప్రశ్నలో ఉంది: ఏ ఆకు? తీగ మీంచి అప్పుడే కోసినదా, ఉప్పునీళ్ల సీసాలో చుట్టలు చుట్టి పెట్టినదా, ఫ్రీజర్ ప్యాకెట్టా, ఎండబెట్టిన పొడా, లేకపోతే కాళ్ల వాపులకని మందుల షాపులో అమ్మే ఎర్రాకు మాత్రా? పేరుకి అన్నీ ద్రాక్షాకులే. కానీ ఉప్పు దగ్గర, విటమిన్ల దగ్గర, మీద కొట్టిన మందుల దగ్గర ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు.

నా మాట ముందే చెప్పేస్తాను. విటమిన్ల పట్టిక చూసి ఆకుని ఎంచుకోకండి. ముందు ఆ తీగ మీద ఏం కొట్టారో చూడండి, తర్వాత ఉప్పు చూడండి. ఈ రెండూ తేలితే మిగిలేది రుచీ, మీ ఓపికా.

వంద గ్రాముల లెక్కతో వచ్చే చిక్కు

"పాలకంటే మూడు రెట్ల కాల్షియం" అని ద్రాక్షాకు గురించి ఎవరైనా రాస్తే అది అబద్ధం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ పోషకాల పట్టిక ప్రకారం 100 గ్రాముల పచ్చి ఆకులో 363 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. అంతే బరువు పాలలో 120 మి.గ్రా. దాకా ఉంటుంది. ఇంకా 11 గ్రాముల పీచు, 5.6 గ్రాముల ప్రొటీన్, 95 మి.గ్రా. మెగ్నీషియం, 2.6 మి.గ్రా. ఇనుము, 1,376 మైక్రోగ్రాముల విటమిన్ ఎ, 109 మైక్రోగ్రాముల విటమిన్ కె. కేలరీలు 93. చూడగానే కళ్లు చెదిరే పట్టికే.

ఇప్పుడు ఒక్క ఆకుని తూకం వేయండి. మూడు గ్రాములు, అంతే. అరచేయంత వెడల్పున్నా కాగితం ముక్కంత తేలిక. వంద గ్రాములు కావాలంటే ముప్పై మూడు ఆకులు తినాలి. లోపల కూరిన బియ్యంతో సహా పది చుట్టలు తినేసరికి ఎవరికైనా పొట్ట నిండుతుంది, అందులో ఆకు వాటా 30 గ్రాములే. ఆ ముప్పై గ్రాములు ఇచ్చే కాల్షియం 109 మి.గ్రా., అంటే పెద్దవాళ్లకి రోజుకి చెప్పే 1,000లో పదో వంతుకి కాస్త పైన. పీచు 3.3 గ్రాములు, ఇది మాత్రం నిజంగా మెచ్చుకోవలసిన అంకె. విటమిన్ ఎ 413 మైక్రోగ్రాములు వస్తుంది, ఆడవాళ్లకి చెప్పే 700లో సగం దాటుతుంది, మగవాళ్లకి చెప్పే 900లో సగానికి కొంచెం తగ్గుతుంది. ఇదంతా బీటా కెరోటిన్ రూపంలో ఉండేదే కాబట్టి ఒంటికి పట్టాలంటే కాస్త నూనె తోడు కావాలి. ఒట్టి నీళ్లలో ఉడికించి నూనె చుక్క లేకుండా తినేవాళ్లు ఈ లాభంలో చాలా భాగం వదులుకుంటున్నట్టే.

ఇంకో కిటుకు నీళ్లలో ఉంది. పాలకూర బరువులో 91 శాతం నీళ్లే. ద్రాక్షాకులో 73 శాతమే. అంటే వంద గ్రాముల ద్రాక్షాకులో గట్టి పదార్థం 27 గ్రాములుంటే, పాలకూరలో తొమ్మిది గ్రాములైనా ఉండదు. తూకంలో ద్రాక్షాకు గెలిచేది ఎక్కువగా ఇందుకే. నీళ్లు తీసేసి గట్టి పదార్థం లెక్కన పోల్చి చూశాను: కాల్షియంలో రెండూ దాదాపు సమానం, ద్రాక్షాకుది కొద్దిగా పైచేయి. పీచులో ద్రాక్షాకు బాగా ముందుంది. ఇనుములో మాత్రం పాలకూర మూడు రెట్లు ఎక్కువ. కాబట్టి రక్తహీనత ఉందని ద్రాక్షాకుల వెంట పడేవాళ్లు దారి తప్పినట్టే. దానికి తోడు ఈ ఆకు నాలుక మీద వదిలే వగరుందే, అది టానిన్లది. అవి ఉన్న కొద్దిపాటి ఇనుమునీ పట్టుకుని పేగుల నుంచి ఒంట్లోకి తేలిగ్గా ఇంకనివ్వవు. వడ్డించే ముందు నిమ్మరసం పిండితే అందులోని విటమిన్ సి కొంత సాయం చేస్తుంది.

కాల్షియం కూడా పట్టికలో ఉన్నంతా ఒంటికి పట్టదు. ఆకులో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, ఆ రూపంలో ఉన్నది వచ్చినట్టే వెళ్లిపోతుంది.

ఇక పాలీఫినాల్స్, అంటే మొక్కలు తయారుచేసుకునే ఒక రకం రసాయనాలు. క్వెర్సెటిన్ జాతి పదార్థాలు, కఫ్టారిక్ ఆమ్లం ఈ ఆకులో బాగానే ఉన్నాయి. ప్రచారమంతా రెస్వెరట్రాల్ చుట్టూ తిరుగుతుంది గానీ, అది తీగకి బూజు సోకినప్పుడో అతినీలలోహిత కిరణాల దెబ్బ తగిలినప్పుడో తనని కాపాడుకోవడానికి తయారుచేసుకునే పదార్థం. తెగులు లేని లేత ఆకులో దాని మోతాదు చెప్పుకోదగ్గది కాదు. దాని కోసమే ద్రాక్షాకు కొంటున్నామనేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది: అది ఎక్కువ కావాలంటే జబ్బు పడిన ఆకు ఏరుకోవాలి! షుగర్ తగ్గిస్తుందన్న మాట కూడా అంతే. ఎలుకల మీద ప్రయోగాలు జరిగాయి. షుగర్ మాత్ర పక్కన పెట్టి ఆకు తినమని చెప్పడానికి అవి చాలవు. పైగా చుట్టలో ఉండేది బియ్యం. దాని లెక్క దానికుంది.

పచ్చి ఆకు: మంచిదే, ఎవరి తీగో తెలిస్తే

రుచిలో, ఉప్పు విషయంలో పచ్చి ఆకుకి సాటి లేదు. వంద గ్రాములకి సోడియం 9 మి.గ్రా. మాత్రమే. కొద్దిగా పులుపు, కొద్దిగా వగరు, ఉడికితే ఒక రకమైన పచ్చి వాసన. సీసా ఆకులో ఈ మూడూ ఉప్పు కింద అణిగిపోతాయి.

కోయడంలో ఒక లెక్క ఉంది. చిగురు కొస నుంచి కిందికి లెక్కపెట్టి మూడోది, నాలుగోది, ఐదోది కోసుకోవాలి. పైన రెండూ మరీ పసివి, చుట్టేటప్పుడు చిరుగుతాయి. ఐదు దాటాక ఈనెలు తాళ్లలా తేలతాయి. అనుమానం ఉంటే ఆకుని నడిమి ఈనె దగ్గర మడిచి వేలితో నొక్కండి. లేతదైతే గుడ్డలా వంగుతుంది, ముదిరినదైతే చిన్నగా టక్కుమంటుంది. అలా చప్పుడు చేసిన ఆకు గంటన్నర ఉడికినా పళ్లకి దొరుకుతుంది. ఇది చాలా గిన్నెలు పాడుచేసుకుని నేర్చుకున్న విద్య. తర్వాత ఆకుని తిరగేసి వెనక వైపు తడమండి. కొన్ని రకాలకి అక్కడ తెల్లటి నూగు దట్టంగా ఉంటుంది, ఉడికాక నాలుకకి గరుకుగా తగులుతుంది. థామ్సన్ సీడ్‌లెస్ ఆకు రెండు వైపులా నున్నగా, పలచగా ఉంటుంది కాబట్టి చుట్టడానికి దాన్ని ఏరికోరి వాడతారు. సుల్తానా అన్నా అదే.

కత్తిరింపు తర్వాత కొత్త చిగుళ్లు వేసి, పిందె పట్టే లోపు కోసినవే మేలు. ఒకే కొమ్మని దులిపేయకుండా ఇక్కడొకటి అక్కడొకటి తీసుకోవాలి. గుత్తికి తీపి ఎక్కించేది ఆ ఆకులే కదా.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ద్రాక్ష తీగకి వచ్చే ముఖ్యమైన జబ్బులు డౌనీ బూజు, బూడిద తెగులు. రెండూ ఆకు మీదే కాపురం పెడతాయి. కాబట్టి మందు కూడా ఆకు మీదికే కొడతారు. దీని వెనక చిత్రమైన కథ ఉంది. ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతంలో దారిన పోయేవాళ్లు పళ్లు కోయకుండా, దారి పక్క తీగల మీద మైలతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఊరంతా డౌనీ బూజుతో ఆకులు రాలుతుంటే ఆ దారి పక్క తీగలు మాత్రం పచ్చగా నిలబడటం మిల్లార్డెట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి కంట పడింది. ఆయన 1885లో ఆ మిశ్రమం సంగతి ప్రకటించాడు, దాన్నే ఇప్పటికీ బోర్డో మిశ్రమం అంటున్నాం. దొంగల్ని బెదరగొట్టడానికి ఆకు మీద చల్లిన నీలం పూతే ఈ రాగి మందుల చరిత్రకి మొదలన్నమాట. మనం తినబోయేది ఆ ఆకునే.

మందు డబ్బా మీద "కోతకి ఇన్ని రోజుల ముందు ఆపాలి" అని రాసేది పండుని దృష్టిలో పెట్టుకునే. ఆకు కోసే నాటికి పండు కోతకి ఇంకా నెలల గడువుంటుంది, అంటే మందు కొట్టే రోజులు సరిగ్గా ఆకు కోసే రోజులే. పైగా ఆకు పలచన. బరువుతో పోలిస్తే వైశాల్యం చాలా ఎక్కువ కాబట్టి గ్రాముకి అంటుకునే మందు పండు కంటే బాగా ఎక్కువ. ఇది ఒట్టి భయం కాదు. టర్కీ నుంచి వచ్చే ద్రాక్షాకుల్లో పురుగుమందుల అవశేషాలు పదేపదే దొరకడంతో యూరోపియన్ యూనియన్ వాటిని సరిహద్దు దగ్గర అదనపు తనిఖీల జాబితాలో పెట్టింది (2019/1793 నిబంధన కింద).

కడిగితే పోదా? పైపైన ఉండే రాగి పూత లాంటిది కొంత పోతుంది. ఆకు లోపలికి ఇంకి పనిచేసే మందులు పంపు కింద ఎంతసేపు పట్టినా పోవు. సేంద్రియ తోట కదా అని నిశ్చింతగా ఉండటం కూడా కుదరదు. సేంద్రియ సాగులోనూ రాగి మందులకి అనుమతి ఉంది. తోట మనిషిని అడగాల్సింది "ఆర్గానిక్కేనా" అని కాదు, "ఈ చిగుళ్లు వచ్చాక ఏం కొట్టారు, ఎప్పుడు కొట్టారు" అని. జవాబు నసిగితే ఆకు వద్దు. పళ్ల కోసం పెంచే తోటలో కత్తిరించి పారేసిన ఆకులు ఉచితంగా దొరికినా నేను ముట్టుకోను.

అడవి తీగల నుంచి కోసుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. ఉత్తర అమెరికాలో మూన్‌సీడ్ అనే విషపు తీగ ద్రాక్షలాగే కనిపిస్తుంది. ద్రాక్ష ఆకు అంచు రంపపు పళ్లలా ఉంటుంది, ఆకుకి ఎదురుగా నులితీగలుంటాయి. మూన్‌సీడ్‌కి అంచు నున్నగా ఉంటుంది, నులితీగలు అసలుండవు.

సీసా ఆకు: సుఖం ఎక్కువ, ఉప్పు ఇంకా ఎక్కువ

ఏడాది పొడవునా దొరుకుతుంది, ఒకే సైజులో ఉంటుంది, ఉడకబెట్టే పని సగం ముందే అయిపోయి ఉంటుంది. మొదటిసారి చుట్టడం నేర్చుకునేవాళ్లకి ఇదే తేలిక, చిరగదు.

ఖరీదు ఉప్పులో చెల్లించాలి. అదే అమెరికా పట్టికలో 100 గ్రాముల సీసా ఆకుకి సోడియం 2,853 మి.గ్రా. అని ఉంది. నీళ్లు పట్టిన ఆకు ఒకటి నాలుగు గ్రాములుంటుంది, అంటే ఆకుకి 114 మి.గ్రా. పది ఆకులకి 1,140. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి దాటొద్దన్నది 2,000 మి.గ్రా. లోపల కూరే దాంట్లో చిటికెడు ఉప్పు కూడా వేయకముందే సగం పైన అయిపోయింది.

నేను మొదటి సీసా తెచ్చిన రోజు ఈ లెక్క తెలియదు. ఆకుల్ని పంపు కింద అలా చూపించి, అలవాటు కొద్దీ బియ్యంలో ఎప్పటిలా ఉప్పు వేసి, మధ్యాహ్నమంతా కూర్చుని నలభై చుట్టలు చుట్టాను. తినడానికి కూర్చున్నవాళ్లు మర్యాద కోసం రెండేసి తిని మంచినీళ్ల చెంబు ఖాళీ చేశారు. మిగతా ముప్పై చిల్లర ఏమయ్యాయో చెప్పను.

ఉప్పు దించే పద్ధతి ఇది. ఆకుల కట్టను సీసాలోంచి లాగేటప్పుడు మెలితిప్పకుండా పైకి జార్చండి, లేకపోతే బయటి ఆకులు చిరుగుతాయి. విడదీసి వెడల్పాటి గిన్నెలో పరిచి వేడినీళ్లు పోసి పావుగంట ఉంచండి. ఆ నీళ్లు పారబోసి చన్నీళ్లు పోయండి, పది నిమిషాలు. మళ్లీ ఒకసారి. అప్పుడు ఒక ఆకు మూల చించి నమలండి. ఉప్పు నాలుకని ఇంకా కొడుతుంటే మరో విడత. ఎంత కడిగినా ఉప్పంతా పోదు కాబట్టి కూరే దాంట్లో ఉప్పు వేయకండి, చివర్లో రుచి చూసుకుని నిమ్మరసంతో సరిపెట్టండి.

ఊరేసినందువల్ల పోయేవి ఏమిటో చూస్తే తమాషాగా ఉంటుంది. పొటాషియం 272 మి.గ్రా. నుంచి 29కి పడిపోయింది, మెగ్నీషియం 95 నుంచి 14కి. నీళ్లలో కరిగేవి నీళ్లలోకి వెళ్లిపోయాయి. విటమిన్ ఎ 1,376 నుంచి 263కి దిగింది. కాల్షియం మాత్రం 289 దగ్గర నిలబడింది, పీచు కూడా పెద్దగా తగ్గలేదు. కాబట్టి కళ్లకి మంచిదని సీసా ఆకు కొంటే మీకు అందేది పచ్చి ఆకులో ఐదో వంతు.

"ఊరేసినది కదా, పేగులకి మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది" అనే మాట కూడా వింటుంటాం. షాపు సీసాల్లో చాలావాటిని వేడిచేసి మూతపెడతారు, అందులో బతికున్న బ్యాక్టీరియా ఉండదు. ఇంట్లో ఉప్పునీళ్లలో సహజంగా పులియబెట్టిన ఆకులో ఉంటుంది, నిజమే. కానీ తర్వాత దాన్ని పొయ్యి మీద గంటసేపు ఉడికిస్తారు కదా! ఆ ఉడుకుకి ఏ బ్యాక్టీరియా మిగులుతుంది?

లేబుల్ మీద ఆకులు, నీళ్లు, ఉప్పు, సిట్రిక్ ఆమ్లం ఇంతవరకే ఉంటే సరే. సల్ఫైట్, మెటాబైసల్ఫైట్ (పాడవకుండా కలిపే రసాయనాలు) అన్న మాట కనిపిస్తే ఆస్తమా ఉన్నవాళ్లు ఆ సీసా వెనక్కి పెట్టేయాలి.

డబ్బాలో సిద్ధంగా చుట్టి అమ్మేవాటి గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. అందులో మీరు కొంటున్నది నూనె, అన్నం, ఉప్పు. ఆకు పొట్లం కాగితం లాంటిది.

ఫ్రీజర్ ఆకు

నన్నడిగితే చాలా ఇళ్లకి ఇదే సరైన ఎంపిక, కానీ దీని గురించే ఎవరూ మాట్లాడరు. ఉప్పు లేదు, పచ్చి ఆకు రుచిలో చాలా భాగం ఉంటుంది, సీజన్‌తో పని లేదు. మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి తీస్తే మెరిసే ఆకుపచ్చ కాస్తా ఆలివ్ రంగుకి తిరుగుతుంది, అది చాలు. వెంటనే చన్నీళ్లలో వేసి, బట్ట మీద ఆరబెట్టి, ఇరవై ఇరవై చొప్పున బల్లపరుపుగా దొంతర పెట్టి గాలి లేకుండా కవర్లో చుట్టేయండి. ఒక్కటే జాగ్రత్త: గడ్డకట్టిన దొంతరని కరగకముందే విడదీయాలని చూస్తే అప్పడంలా విరుగుతుంది. ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చుకోండి.

ఆ ఉడకబెట్టిన నీళ్లు పారబోయడం వల్ల కొంత విటమిన్ సి పోతుంది. కరిగే ఆక్సలేట్లు, వగరు కూడా కొంత పోతాయి. విటమిన్ సి వంద గ్రాములకి 11 మి.గ్రా.లే కాబట్టి పోయినా పెద్ద నష్టం కాదు. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్ల బాధ ఉన్నవాళ్లకి ఆ నీళ్లు పారబోయడమే మేలు.

కొనే ప్యాకెట్టయితే పచ్చి ఆకుని అడిగిన ప్రశ్నలే దీన్నీ అడగాలి. చలికి మందు అవశేషాలు పోవు.

పొడి, టీ

వంద గ్రాముల ఎండు పొడికి సుమారు 375 గ్రాముల పచ్చి ఆకు కావాలి. అంటే రెండు గ్రాముల చెంచాడు పొడి రెండున్నర ఆకులతో సమానం. ఇంతోటి దానికి "సూపర్ ఫుడ్" అన్న పేరు ఎందుకో నాకు అర్థం కాదు. ఎండబెడితే పోషకాలు చిక్కబడతాయి, నిజమే. ఆకు మీద ఉన్న మందు కూడా అదే లెక్కన చిక్కబడుతుంది. పొడిలో ముదురాకు ఉందో లేతాకు ఉందో చూసి చెప్పే దారి కూడా లేదు. నీడలో ఆరిన మీ తీగ ఆకే అయితే పులుసుల్లో పుల్లటి సువాసనకి వాడుకోవడానికి బాగుంటుంది. ఎండలో పెడితే కెరోటిన్ వెలుతురుకి విరిగిపోతుంది, రంగు పాలిపోవడమే దానికి గుర్తు.

టీ సంగతి ఇంకా తేలిక. పీచు నీళ్లలోకి రాదు, కెరోటిన్ రాదు, విటమిన్ కె రాదు. ఇవన్నీ వడపోతలో మిగిలిన పిప్పిలోనే ఉండిపోతాయి. కప్పులోకి వచ్చేది రంగూ, వగరూ, కొన్ని పాలీఫినాల్సూ. వేడిగా తాగడానికి బాగుంటే తాగండి, పోషణ కోసం కాదు.

ఎర్రాకు మాత్ర: ఇది వేరే దారి

ఇన్ని రూపాల్లోనూ మనుషుల మీద సరైన పరీక్షలు జరిగింది దీనికే. ఆకు ఎర్రబడిన తర్వాత నీళ్లతో తీసిన ఎండు సారం ఇది. రోజుకి 360, 720 మి.గ్రా. మోతాదుల్లో 12 వారాల పాటు ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన పరీక్షల్లో కాళ్ల వాపు, కాళ్లు బరువెక్కినట్టుండటం తగ్గాయి. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీలో మూలికా మందుల కమిటీ కూడా కాళ్ల సిరల్లో రక్తం సరిగ్గా పైకి ఎక్కక వచ్చే వాపు, బరువు, దురద, పిక్కలు పట్టేయడానికి ఈ రకం సారం వాడకాన్ని గుర్తించింది.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, మాత్రకి వచ్చిన పేరుని చుట్టలకి అంటగట్టడం. మీరు తినేది పచ్చటి లేతాకు, మాత్రలో ఉన్నది ఎర్రబడ్డ ముదురాకు సారం. చుట్టలు తింటే వెరికోస్ సిరలు (ఉబ్బి మెలికలు తిరిగిన సిరలు) తగ్గవు. రెండోది ఇంకా ప్రమాదం: ఒక్క కాలే హఠాత్తుగా వాచి, వేడెక్కి, నొప్పి పుడితే అది లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. అప్పుడు మాత్ర కోసం షాపుకి కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకీ గర్భిణులకీ ఈ మాత్ర వద్దు.

చుట్టడానికి వేరే ఆకు ఉంటే?

క్యాబేజీ ఆకులో కేలరీలు తక్కువ, విటమిన్ సి మూడు రెట్లు ఎక్కువ, మందు భయం తక్కువ. కాల్షియం, పీచు ద్రాక్షాకు దరిదాపుల్లోకి రావు. పెద్ద ఆకుల చార్డ్ అనే ఆకుకూర చుట్టడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ వంద గ్రాములకి 830 మైక్రోగ్రాముల విటమిన్ కె. విటమిన్ కె రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది కాబట్టి వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు వాడేవాళ్లకి ఇది ముఖ్యమైన తేడా. పది ద్రాక్షాకుల్లో ఉండేది 33 మైక్రోగ్రాములే. అలాంటివాళ్లు ద్రాక్షాకు పూర్తిగా మానేయక్కర్లేదు. ఒక వారం రోజూ తిని తర్వాత నెల మానేయడం లాంటి ఎగుడుదిగుళ్లు పనికిరావు, అంతే. మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చూసే డాక్టరు చెవిన ఒక మాట వేయండి.

ఒంటి తీరుని బట్టి

బీపీ, గుండె జబ్బు, వాపులు ఉన్న ఇంట్లో సీసా వైపు చూడొద్దు. పచ్చి ఆకో ఫ్రీజర్ ఆకో తీసుకోండి. కిడ్నీ రోగులకి పొటాషియం తగ్గించమని చెప్పి ఉంటే లెక్క మెలిక తిరుగుతుంది: పొటాషియం తక్కువున్నది సీసా ఆకులో, ఉప్పు తక్కువున్నది పచ్చి ఆకులో. పచ్చి ఆకుని ఎక్కువ నీళ్లలో ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోస్తే రెండూ దారిలోకి వస్తాయి. పది ఆకుల్లో పొటాషియం మొదటి నుంచీ 80 మి.గ్రా. దాకానే ఉంది, కాబట్టి అసలు భయపడాల్సింది ఉప్పుకే. మలబద్ధకం ఉన్నవాళ్లకి ఏ రూపమైనా పనికొస్తుంది, పీచు ఎక్కడికీ పోలేదు. కాకపోతే అలవాటు లేని పొట్ట మొదటి రోజే పదిహేను చుట్టలకి ఒప్పుకోదు. ద్రాక్ష పండు తింటేనే నోరు దురదపెట్టి వాచేవాళ్లు ఆకుని కూడా దూరం పెట్టడం మంచిది.

వీటిలో ఏ ఇబ్బందీ లేదు, ఏడాదికి రెండు మూడు సార్లు సరదాకి చుట్టుకుంటాం అంటారా? సీసా కొనుక్కోండి, మూడు నీళ్లు మార్చండి. తెరిచిన సీసాలో మిగిలిన ఆకులు పూర్తిగా ఉప్పునీళ్లలో మునిగి ఉండేలా అణిచి ఫ్రిజ్‌లో పెట్టండి. పైకి తేలిన అంచుకి కొద్ది రోజుల్లో తెల్లటి బూజు పడుతుంది.